అమ్మ పక్కన పిల్లి: ఖరగ్‌పూర్ షష్ఠీతల్లి, ఐస్‌లాండ్ ఫ్రేయా

(ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పురుళ్లు పోసిన మంత్రసానుల స్మృత్యర్థం తెలుగువారి సభలో చేసిన ఉపన్యాసం)



స్మారకోపన్యాసమంటే వేదిక మీద ఒక పటం, పటానికో దండ, దాని కింద జనన మరణ సంవత్సరాలు ఉంటాయి. ఇవాళ ఈ వేదిక మీద పటం లేదు. మనం తలచుకుంటున్న మంత్రసానులకు ఎవరూ ఫొటో తీయలేదు. వాళ్ల పేర్లు రైల్వే మస్టరు రోలులో ఎక్కలేదు. వాళ్ల చేతుల్లో కళ్లు తెరిచిన పిల్లల పేర్లు మాత్రం తరతరాలుగా ఎక్కాయి. వాళ్లు వర్క్‌షాపులో ఫిట్టర్లయ్యారు, యార్డులో పాయింట్స్‌మెన్లయ్యారు, బళ్లలో పంతుళ్లయ్యారు. ఆ తల్లుల పేరిట ఒక ఉపన్యాసం ఉండాలని తలపెట్టిన మీ మనసుకు ముందుగా దణ్ణం పెడుతున్నాను.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1900 నాటికి ఖరగ్‌పూర్ నుంచి ఒక దారి హౌరాకు, ఒక దారి నాగ్‌పూర్ వైపు, ఇంకో దారి కటక్ మీదుగా మన వాల్తేరు వైపు సాగాయి. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్లు బతుకుతెరువు కోసం వచ్చారు. నిమ్‌పురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్‌లలో కాపురాలు పెట్టారు. తొలిచూలుకు పుట్టింటికి పోలేని ఆడపిల్ల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. చుట్టూ తెలియని భాష. మొగుడు నైట్ డ్యూటీలో ఉన్నాడు. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. అలాంటప్పుడు కబురందుకుని వచ్చే మనిషి మంత్రసాని. ఆమె మన శ్రీకాకుళం అమ్మ కావచ్చు, పక్క వీధి బెంగాలీ దాయి కావచ్చు. ఆ గదిలో భాష అడ్డురాలేదు.

మన మంత్రసాని ఊళ్లో వదిలివచ్చిన అమ్మవారిని తలచుకుని పనిలోకి దిగేది. బెంగాలీ దాయి తలచుకునే తల్లి వేరు. ఆమె షష్ఠి. ఒళ్లో పసిబిడ్డ, చుట్టూ ఇంకొందరు పిల్లలు, ఆమె కింద వాహనంగా ఒక పిల్లి. మన ఇళ్లలో పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి గానీ బయల్దేరం. బాలింత గది దరిదాపులకు పిల్లిని రానివ్వం. అటువంటి పిల్లి, బిడ్డల్ని కాచే తల్లికి వాహనం ఎట్లా అయింది? ఇదే నా ఇవాళ్టి ప్రశ్న. దీనికి జవాబు వెతుకుతూ మీ అందరినీ మొదట చాలా దూరం తీసుకుపోతాను. అక్కడ కూడా ఒక దేవత ఉంది. ఆమె బండికి కూడా పిల్లులే కట్టారు.

పిల్లుల బండి మీద ఫ్రేయా

ఐరోపాకు ఉత్తరపు కొసన నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశాల్లో క్రైస్తవం రాకముందు కొలిచిన దేవతల్లో ఫ్రేయా పెద్దది. ఆమె గురించి మనకు తెలిసిందంతా చాలావరకు ఐస్‌లాండ్ రాతల వల్లనే. ఆ దేశం 1000 ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక, 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ అనే కవి, రాజకీయ నాయకుడు పాత దేవతల కథలన్నీ చేర్చి ‘ఎడ్డా’ అనే గ్రంథం రాశాడు. తాను కొలవని దేవతల కథలను, తన భాషలోని కవిత్వం బతకాలంటే ఆ కథలు బతకాలని, శ్రద్ధగా కాపాడాడు. ఫ్రేయా రెండు పిల్లులు లాగే బండిలో ప్రయాణం చేస్తుందని చెప్పింది ఆయనే. బాల్డర్ అనే అందాల దేవుడు చనిపోయినప్పుడు దేవతలంతా అంత్యక్రియలకు వస్తారు. ఎవరు ఏ వాహనం మీద వచ్చారో స్నోరి వరసగా చెబుతాడు. ఫ్రేయా అక్కడికి తన పిల్లులతో వస్తుంది.

ఈ ఫ్రేయా ఎవరు? ప్రేమ వ్యవహారాల్లో సాయం కోరి పిలవదగిన తల్లి. కనిపించకుండా పోయిన భర్త కోసం దేశాలు తిరుగుతూ ఏడ్చే ఇల్లాలు. ఆమె కన్నీళ్లు ఎర్రని బంగారం. ఇంతవరకూ మనకు తెలిసిన దేవతలాగే ఉంది. పాత కవితల్లో ఇంకో మాట ఉంది. యుద్ధంలో చచ్చినవారిలో సగం మంది ఓడిన్ దేవుడికి, సగం మంది ఫ్రేయాకు. రోజూ ఎవరెక్కడ కూర్చోవాలో తన ఫోల్క్‌వాంగ్ మైదానంలో నిర్ణయించేది ఆమే. ప్రేమను ఇచ్చేదీ ఆమే, చచ్చినవాళ్లను తీసుకునేదీ ఆమే. ఇంకొక సంగతి, ఆమె దేవతల్లో పరాయింటి పిల్ల. ఏసిర్ అనే దేవగణానికి, వానిర్ అనే దేవగణానికి యుద్ధం జరిగి సంధి కుదిరాక, వానిర్ వంశం నుంచి వచ్చి ఏసిర్ మధ్య బతికింది. వస్తూ వస్తూ రాబోయేది తెలుసుకునే మంత్రవిద్యను కూడా తెచ్చి వాళ్లకు నేర్పింది.

మన సభకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మరొక పాత కవిత. అందులో ఒక రాకుమార్తె నొప్పులు పడుతుంటుంది. బిడ్డ బయటపడదు. ఓడ్రూన్ అనే స్త్రీ కబురు విని గుర్రమెక్కి వస్తుంది, ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుని మంత్రాలు పాడుతుంది. కవలలు పుడతారు, ఒక ఆడ, ఒక మగ. తెప్పరిల్లిన తల్లి ఓడ్రూన్‌ను దీవిస్తూ ఫ్రిగ్, ఫ్రేయా దేవతల పేర్లు ఎత్తుతుంది. ప్రపంచపు ఆ కొసన కూడా పురిటి గదిలో మంత్రం తెలిసిన ఒక ఆడమనిషి ఉంది, ఆమె వెనక పిల్లుల బండి ఎక్కే దేవత ఉంది.

పిల్లికీ ఫ్రేయా నేర్పిన ఆ మంత్రవిద్యకూ సంబంధం ఎరిక్ ద రెడ్ సాగా అనే పాత ఐస్‌లాండ్ కథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గ్రీన్‌లాండ్‌లో కరువు పడ్డప్పుడు థోర్‌బ్యోర్గ్ అనే సోదె చెప్పే స్త్రీని పిలిపిస్తారు. ఆమె వేషం సాగాకారుడు ఒక్కొక్కటే వర్ణిస్తాడు. నల్ల గొర్రెపిల్ల తోలు టోపీ, దాని లోపల తెల్లపిల్లి చర్మం అతికారు. చేతులకు పిల్లి చర్మపు తొడుగులు, లోపలి వైపు తెల్లని బొచ్చు. ఆమె ఎత్తైన ఆసనం మీద కూర్చుంటే ఆడవాళ్లు చుట్టూ నిలబడతారు, ఒకామె పాట పాడుతుంది, ఆమె రాబోయే రోజుల గురించి చెబుతుంది. ఎరుక చెప్పే మన సోదమ్మ పక్కన ఆమెను కూర్చోబెడితే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రేయా పిల్లుల పేర్లు ఇవీ, రంగు ఇదీ, ఫలానా జాతి అని ఈ మధ్య చాలా ప్రచారంలో ఉంది. అవన్నీ మన కాలపు కల్పనలు. పాత పాఠాల్లో ఆ పిల్లులకు పేర్లు లేవు, రంగు లేదు, అవి ఎందుకు ఆ బండి లాగుతున్నాయో కారణమూ లేదు. ఆ కాలపు డెన్మార్క్‌లో పిల్లుల్ని తోలు కోసం చంపేవారని తవ్వకాల్లో దొరికిన ఎముకలు చెబుతున్నాయి. పూజ ఒక పక్క, కత్తి ఒక పక్క. దేవత బండికి కట్టినంత మాత్రాన ఇంటి పిల్లికి సుఖం దక్కలేదు.

షష్ఠి: మన దేవసేనే

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మార్గశిర శుద్ధ షష్ఠి నాడు సుబ్రహ్మణ్యస్వామి గుళ్లకు పోతాం. స్వామికి ఇద్దరు దేవేరులు, వల్లీదేవి, దేవసేన. కల్యాణం చేయించి అక్షింతలు వేయించుకుని వస్తాం. పిల్లలు లేనివారు మొక్కేది కూడా ఆ స్వామికే. మహాభారతం వనపర్వంలో దేవసేనా స్కందుల వివాహం ఉంది. ఆ దేవసేనకే షష్ఠి అనీ, లక్ష్మి అనీ, ఆశ అనీ, అపరాజిత అనీ పేర్లని అక్కడే చెప్పారు. మన భాషలో ఆ భాగం ఎఱ్ఱన చేతిమీదుగా వచ్చింది. అంటే పక్క క్వార్టరు బెంగాలీ ఇల్లాలు మొక్కే షష్ఠి మన ఇలవేల్పు పక్కన నిలబడి ఉన్న దేవసేనే. ఒకే తల్లిని మనం స్వామి దేవేరిగా చూస్తున్నాం, వాళ్లు నేరుగా తల్లిగా చూస్తున్నారు. ఇదే ఊళ్లో బిహారు సోదరులు కార్తిక షష్ఠికి నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యమిస్తూ ఛఠీ మైయా అని పిలిచేది కూడా ఈమెనే అని వాళ్ల నమ్మకం.

ఈ తల్లి చాలా పాతది. రెండు వేల ఏళ్ల కిందటి వరకూ ఆమె జాడ పోతుంది. యౌధేయులనే ప్రాచీన గణరాజ్యం వారి నాణేల మీద ఒకవైపు ఆరుముఖాల స్కందుడు, రెండోవైపు ఆరుముఖాల దేవి ఉంటారు. ఆ దేవిని షష్ఠిగా పండితులు గుర్తించారు. ఏడో శతాబ్దంలో బాణభట్టు కాదంబరిలో రాణిగారి పురిటిగదిని వర్ణిస్తూ అక్కడ షష్ఠీదేవి బొమ్మ ఉందంటాడు. అదే బాణుడు హర్షచరిత్రలో, హర్షుడు పుట్టిన సందర్భంలో జాతమాతృదేవతను తలుస్తాడు. ఆమె పిల్లిముఖం గల దేవత అనీ, చుట్టూ చాలామంది బిడ్డలుంటారనీ, పురిటింట నిలుపుతారనీ వ్యాఖ్యాత శంకరుడు వివరం ఇస్తాడు. వాహనంగా కింద కూర్చోకముందు పిల్లి ముఖమై పురిటింటి దేవత మెడ మీదే ఉందన్నమాట.

అయితే ఈ పాత గ్రంథాల్లో ఆమె ముఖం ఎప్పుడూ శాంతంగా లేదు. వనపర్వంలో స్కందుడి చుట్టూ చేరిన మాతృగణాలు బిడ్డల్ని తమకు ఇమ్మని అడుగుతాయి. పదహారేళ్లు వచ్చేవరకూ పిల్లల్ని పీడించే అధికారం వాటికి దక్కుతుంది. మొక్కినవారి పిల్లల్ని కాపాడే బాధ్యత కూడా వాటికే దక్కుతుంది. కాశ్యప సంహిత అనే పాత శిశువైద్య గ్రంథంలో బిడ్డల్ని ఎత్తుకుపోయే జాతహారిణి కూడా, కాపాడే షష్ఠి కూడా రేవతి అనే ఒకే దేవత చుట్టూ తిరుగుతారు. బ్రహ్మవైవర్త పురాణం కథ మరీ ఆశ్చర్యం. ప్రియవ్రతుడనే రాజుకు చనిపోయిన బిడ్డ పుడతాడు. రాజు బిడ్డను ఎత్తుకుని శ్మశానానికి పోతాడు. అక్కడ విమానంలో షష్ఠి దిగివస్తుంది. బిడ్డను తాకుతుంది, బిడ్డ కళ్లు తెరుస్తాడు. అంతటితో కథ అయిపోవాలి. ఆమె మాత్రం ఆ బతికిన బిడ్డను ఎత్తుకుని ఆకాశంలోకి బయల్దేరుతుంది! రాజు వేడుకున్నాక, లోకమంతా తన పూజ జరిపించమని మాట తీసుకుని, అప్పుడు తిరిగి ఇస్తుంది.

ఫ్రేయా దగ్గర చూసినది ఇక్కడా కనిపిస్తోంది. ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి ఒకటే. అలాంటి తల్లి పక్కకే పిల్లి చేరింది.

నింద పడిన పిల్లి

ఎందుకు చేరిందో పురాణం చెప్పదు. ఆడవాళ్లు చెప్పుకునే వ్రతకథ చెబుతుంది. జ్యేష్ఠ శుద్ధ షష్ఠిని బెంగాల్‌లో అరణ్యషష్ఠి అంటారు. అల్లుళ్లకు విందు చేసే జామాయి షష్ఠిగా ఇప్పుడు అందరికీ తెలిసిన పండుగ ఇదే. నా చిన్నతనంలో మా లైన్లోని బెంగాలీ మాసీమాలు, అంటే పిన్నమ్మలు, ఆ ఉదయం స్నానం చేసి మర్రిచెట్టు కిందికో, మర్రికొమ్మ పాతిన పెరట్లోకో చేరేవారు. కొత్త తాటాకు విసనకర్ర, దాని మీద గరిక పోచల కట్ట, మామిడిపళ్లు, అరటిపళ్లు, పసుపులో ముంచిన దారం. తడి బియ్యప్పిండి ముద్దతో ఒకామె చకచకా బొమ్మలు చేసేది. పిల్లల బొమ్మలు తెల్లగా ఉండేవి. ఒక ముద్దలో మసి కలిపి నల్లపిల్లిని చేసేది. చెవులు గిల్లి నిలబెట్టి, తోక చుట్టి, తల్లి బొమ్మ ముందు కూర్చోబెట్టేది. పూజ అయ్యాక విసనకర్రను నీళ్లలో ముంచి పిల్లల మీద విసిరేవారు. జ్యేష్ఠమాసపు ఉక్కలో ఆ చల్లని తుంపర్లు పడటానికి తెలుగు పిల్లలం కూడా వరసలో నిలబడేవాళ్లం. మాకూ మణికట్టుకు పసుపుదారం కట్టేవారు. మీ పిల్లలూ మా పిల్లలూ అనే లెక్క ఆ దారానికి లేదు.

ఆ తర్వాత కథ చెప్పేవారు. పాఠాలు ఇంటికొకటి, సారం ఒకటే. ఒక ఇంట్లో చిన్నకోడలుంది. ఆకలికి ఆగలేక దాచిన చేపముక్కలు, పాలు, మీగడ దొంగచాటుగా తినేది. అత్త అడిగితే పిల్లి తినిపోయిందని చెప్పేది. పాపం పిల్లికి దెబ్బలు పడేవి. ఆ పిల్లి షష్ఠీతల్లి వాహనం. వెళ్లి తల్లికి మొరపెట్టుకుంది. తర్వాత కోడలికి బిడ్డ పుట్టిన ప్రతిసారీ రాత్రికి రాత్రే బిడ్డ మాయమయ్యేది. ఊళ్లో ఆమెనే రాక్షసి అన్నారు, సొంత బిడ్డల్నే తింటోందన్నారు. చేయని తప్పుకు నింద పడితే ఎట్లా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. చివరికి ఒక రాత్రి ఆమె మేలుకుని, బిడ్డను నోట కరుచుకుపోతున్న పిల్లి వెంటపడి అడవిదాకా పోయింది. అక్కడ తల్లి ఒళ్లో, చుట్టూ తన బిడ్డలంతా క్షేమంగా ఆడుకుంటున్నారు. పిల్లి ఒక్క బిడ్డకూ పన్నుగాటు పెట్టలేదు. కోడలు పిల్లి కాళ్లు పట్టుకుంది. ఏటా పిండితో నల్లపిల్లిని చేసి పూజించమని తల్లి ఆజ్ఞ. బిడ్డలతో ఇంటికి వచ్చింది.

నేను ఈ కథను మన దేశపు గొప్ప న్యాయకథల్లో ఒకటిగా లెక్కిస్తాను. ఇందులో ఆకలి ఉంది. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి కడుపునిండా తిండి పెట్టని లోకం ఉంది. తన కంటే నోరులేనిదాని మీద నింద వేసి తప్పించుకునే మనిషి బలహీనత ఉంది. ఆ నింద చుట్టూ తిరిగి వేసినవారి మీదే పడటం ఉంది. తల్లి ఎవరినీ చంపలేదు. నింద పడినదాన్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది, నింద వేసినదాని చేత దణ్ణం పెట్టించింది, ఆమెను బిడ్డలతో ఇంటికి పంపింది.

అవనీంద్రనాథ్ ఠాకూర్ 1896లో పిల్లల కోసం రాసిన ‘ఖీరేర్ పుతుల్’లో షష్ఠీతల్లికే ఆకలి వేస్తుంది. కోవాతో చేసిన పిల్లాడి బొమ్మను చెట్టు కింద దొంగచాటుగా తినేస్తుంది. తెలివైన కోతి పట్టుకుంటే, బదులుగా నిజం బిడ్డను ఇస్తుంది. ఆకలిని తప్పుగా చూడని దేవత ఈమె. కోడలి ఆకలి, పిల్లి ఆకలి, తన ఆకలి ఆమెకు ఒకటే.

ఆరో రాత్రి

బిడ్డ పుట్టిన ఆరో రాత్రి బెంగాలీ ఇళ్లలో షష్ఠిని కొలుస్తారు. పురిటిగదిలో దీపం ఆరకుండా చూసి, కలం, సిరాబుడ్డి పెడతారు. విధాత వచ్చి నుదుటిరాత రాస్తాడని నమ్మకం. ఆ రాత్రికే ఎందుకంత ప్రాముఖ్యం? పాతకాలపు పురిటిగదుల్లో జరిగినదేమిటో తెలిస్తే అర్థమవుతుంది. శుభ్రంలేని కత్తితో బొడ్డు కోస్తే ధనుర్వాతం క్రిములు బిడ్డ ఒంట్లోకి చేరతాయి. పుట్టిన రెండు మూడు రోజులు బిడ్డ బాగానే పాలు తాగుతుంది. తర్వాత దవడలు బిగుసుకుంటాయి, చనుమొన నోటికందదు, ఒళ్లు విల్లులా వంగుతుంది. ఆ జబ్బు ఎక్కువగా బయటపడేది మొదటి రెండు వారాల్లోనే, ముఖ్యంగా మొదటి వారం చివర. ఆరో రాత్రి గడిస్తే తల్లి ఊపిరి పీల్చుకునేది. ఆ భయానికి ఆడవాళ్లు ఒక ముఖం ఇచ్చారు, ఒక పేరు పెట్టారు, దానికి దీపం పెట్టి మాట్లాడారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఈ జబ్బు తగ్గుతూ వచ్చి, భారతదేశం దీన్ని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. షష్ఠికి ఇంతకంటే గొప్ప పూజ మన దేశంలో జరగలేదని నా నమ్మకం.

ఈ లెక్కలో మన మంత్రసానులు ఎక్కడున్నారు? బిడ్డ బతికితే అది దేవుడి దయ, వంశం చేసుకున్న పుణ్యం. బిడ్డ దక్కకపోతే మంత్రసాని చెయ్యి మంచిది కాదనేవారు. ఎవరూ ఆమెకు క్రిముల సంగతి చెప్పలేదు. ఎవరూ ఆమెకు మరిగించిన బ్లేడు ఇవ్వలేదు. శిక్షణ ఇచ్చిన చోటల్లా ఆ స్త్రీలే శుభ్రమైన కాన్పులు చేసి చూపించారు. కులం పేరు చెప్పి వాకిట్లోనే నిలబెట్టిన ఇళ్లు కూడా నొప్పులు మొదలైన రాత్రి ఆమెను లోపలి గదిదాకా పిలిచేవి, పని అయ్యాక మళ్లీ వాకిట్లోకి పంపేవి. నింద పడిన పిల్లి కథ వింటుంటే నాకు ఆ మంత్రసాని గుర్తొస్తుంది.

పిల్లి నోరు

తల్లిపిల్లి పిల్లను నోట కరుచుకునేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. ముందు వాసన చూస్తుంది. మెడ వెనక వదులుగా ఉన్న చర్మాన్ని పళ్ల మధ్యకు తీసుకుంటుంది. ఆ పళ్లే ఉదయం ఎలుక మెడ విరిచాయి. పిల్ల ఆ క్షణంలో అరుపు మానేస్తుంది. వెనక కాళ్లు ముడుచుకుంటుంది, తోక కడుపుకు చుట్టుకుంటుంది, ఒళ్లంతా వదిలేస్తుంది. తల్లి తల పైకెత్తి, పిల్ల నేలకు తగలకుండా, గోడ వారగా నడిచి ఇంకో చోటికి చేరుస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అనేది దీన్నే. పరాయి కళ్లకు బిడ్డను తినబోతున్నట్టు కనిపిస్తుంది. పిల్లకు మాత్రం తెలుసు.

మన శ్రీవైష్ణవ ఆచార్యులు ఈ దృశ్యంలోనే మోక్షశాస్త్రం చూశారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే పట్టుకుంటుంది. జీవుడు కోతిపిల్లలా ప్రయత్నం చేయాలా, పిల్లికూనలా అప్పగించుకోవాలా అన్నది వేదాంతదేశికుల సంప్రదాయానికీ పిళ్లై లోకాచార్యుల సంప్రదాయానికీ మధ్య పెద్ద చర్చ. మార్జాలకిశోర న్యాయంలో పిల్లి సాక్షాత్తూ భగవంతుడి స్థానంలో ఉంది. గుమ్మంలో పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే మన ఇళ్లలోనే, శరణాగతికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకలేదు.

నాకు అర్థమైనంతలో షష్ఠి పక్కన గానీ ఫ్రేయా బండికి గానీ పిల్లి చేరడంలోని అంతరార్థం ఇదే. ఈ రెండు ఆచారాలకు చరిత్రలో చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు. పిల్లి మాత్రం రెండుచోట్లా ఒకే జంతువు. ధాన్యం నిల్వలు మొదలైన రోజుల్లో, ఎవరూ కట్టేయకుండానే ఎలుకల కోసం మనిషి ఇంటికి వచ్చింది. ఇంట్లో పొయ్యిపక్కన పడుకుంటుంది, రాత్రి ఎటు పోతుందో మనకు చెప్పదు. ఇల్లు, అడవి రెండూ దానివే, ఆ రెంటి మధ్య గుమ్మంలో ఉంటుంది. పుట్టుక కూడా అటువంటి గుమ్మమే. బిడ్డ ఇంకా పూర్తిగా ఇటువైపుకు రాలేదు. ఆ గుమ్మంలో నిలబడేవారంటే మనకు భయం, ఎందుకంటే అక్కడ ప్రాణం రావచ్చు, పోవచ్చు. ఆ భయం నెమ్మదిగా నిందగా మారుతుంది. పిల్లి మీద, మంత్రసాని మీద, బిడ్డ నిలవని తల్లి మీద పడుతుంది.

ఐరోపాలో ఆ నింద ఎంతదాకా పోయిందో చరిత్ర చూసింది. 1233లో పోప్ తొమ్మిదో గ్రెగొరీ మతద్రోహుల రహస్య పూజల గురించి రాసిన లేఖలో నల్లపిల్లి సైతాను కొలువులో కనిపిస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో మంత్రగత్తెలని ముద్రవేసి వేలాదిమంది స్త్రీలను చంపారు, పిల్లి వాళ్ల తోడుదొంగ అయింది. ఒకప్పుడు దేవత బండి లాగిన జంతువును చూసి అదే ఖండం వణికింది. మన దేశంలో చేతబడి చేసిందని ఒంటరి ఆడమనిషిని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం. జార్ఖండ్, ఒడిశా మనకు ఎంత దూరం? రైలెక్కితే పూటలో చేరతాం. నింద పడిన పిల్లి కథ మనకు ఇంకా అవసరమే.

ఖరగ్‌పూర్ తెలుగు పేటల్లో మాతా పూజ ఘనంగా చేసుకుంటాం. ఘటాలు ఎత్తుతాం, వేపాకులు కడతాం, శ్రీకాకుళం అమ్మవారిని బెంగాల్ మట్టి మీద నిలబెట్టుకున్నాం. మన పోలేరమ్మకూ ఇక్కడి శీతలకూ చుట్టరికం కలుపుకున్నాం. షష్ఠిని కూడా మనదిగా గుర్తించే వేళ వచ్చింది. ఆమె దేవసేన, మన సుబ్రహ్మణ్యుడి ఇల్లాలు. మన తాతమ్మల పురిటిగదిలో బెంగాలీ దాయితో పాటు వచ్చి కూర్చున్న తల్లి.

ఈ సభ నుంచి రెండు పనులు మొదలు కావాలని నా కోరిక. మొదటిది, ఈ కాలనీల్లో ఎనభై దాటిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. తమకు పురుడు పోసిందెవరో, ఏ పాట పాడిందో, ఏ మొక్కు మొక్కిందో, ఏ కథ చెప్పిందో వాళ్లకు గుర్తుంది. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, ఏ భాషలో చెబితే ఆ భాషలో రాసుకుందాం. ఆ మంత్రసానుల పేర్లు ఒక్కొక్కటే దొరుకుతాయి. వచ్చే ఏడు ఈ వేదిక మీద పటాలు లేకపోయినా పేర్ల పలక ఒకటి ఉండాలి.

రెండోది, వచ్చే అరణ్యషష్ఠికి మన ఆడపడుచులు, మగపిల్లలు కూడా మాసీమాల పక్కన కూర్చుని ఆ వ్రతకథ వినాలి. విన్నాక ఇంటికొచ్చి దాన్ని తెలుగులో మన పిల్లలకు చెప్పాలి. బిడ్డ నిలవని తల్లిని ఎవరూ వేలెత్తి చూపకూడదని చెప్పాలి. పురుడు పోసే నర్సమ్మకు, ఆశా కార్యకర్తకు ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టాలని చెప్పాలి. నోరులేనిదాని మీద నింద వేసినవారికి ఆ తల్లి ముందు తలవంచక తప్పదని చెప్పాలి.

పేరు దక్కని ఆ మంత్రసానులు ఈ ఊరిని తమ చేతులతో లోకంలోకి తెచ్చారు. వాళ్లకు మనం బాకీ ఉన్నాం. ఆ బాకీ తీర్చడానికి ఈ ఏడాదే మొదలుపెడదాం.